ఆరు చక్రముల కారు, వేయి గజముల కొండ
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ కార్యదర్శిగారు ఈ సభలో ఏదేని ఒక విషయమును గూర్చి అరగంటసేపు మాటలాడవలసినదని కోరినప్పుడు నేను వెంటనే ఒప్పుకొనలేదు. కావ్యములను గూర్చియు, నాటకములను గూర్చియు సరసముగా ముచ్చటింపగలవారు మన సంఘమున నెందరో కలరు. నేనో, ముప్పదియైదేండ్లకు పైగా రైల్వే ఇంజను షెడ్డులలో బొగ్గు, చమురు, ఇనుముల నడుమ కాలము గడిపి పదవీ విరమణ చేసినవాడను. “అయ్యా, మీకు తెలిసినదే చెప్పండి. పిల్లలు కూడా వింటారు” అని వారు పట్టుపట్టిరి. అందుచేత నాకు తెలిసిన చక్రములను గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని. అయితే ఇవి రైలు చక్రములు కావు. ఇంగ్లండు దేశమున కొండయెక్కు పందెములలో పరుగెత్తిన మోటారుకార్ల చక్రములు. ఆ కార్లకు నాలుగు గాక ఆరు చక్రములుండెడివి.

ఈ విషయమునే ఎందుకెన్నుకొంటినో ముందుగా మనవి చేయవలెను. 1976లో నేను ఒక ఆవిరి ఇంజనుల షెడ్డులో ఛార్జిమన్‌గా ఉంటిని. ఒకనాడు మా షెడ్డులోని ఒక పడుచు ఫిట్టరు ఏదో పత్రికనుండి కత్తిరించిన బొమ్మ నొకదానిని తెచ్చి చూపెను. అది ఒక పందెపుకారు. దానికి ముందువైపున నాలుగు చిన్న చక్రములు, వెనుకవైపున రెండు పెద్ద చక్రములు కలవు. మేమందరమును పగలబడి నవ్వితిమి. “జెర్రికి మోటారు బిగించినారు” అని ఒకరనిరి. నవ్వనివాడు ఆ ఫిట్టరొక్కడే. ఆ నవ్వు సంగతి చివర మరల చెప్పెదను.

మొదట కొండయెక్కు పందెమన నేమో చూతము. కొండ యనగానే మనకు తిరుమల ఘాటు రోడ్డు జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లండులోని పందెపు కొండలు అట్టివి కావు. 1925 మార్చిలో బకింగ్‌హాంషైర్‌లోని కాప్ హిల్ అను చోట పందెము జరుగుచుండగా ఒక కారు ప్రేక్షకునికి తగిలి అతని కాలు విరిగెను. ఆ తరువాత అచ్చటి రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు వారు ప్రజలు నడచు రోడ్లపై వేగపు పోటీలకు అనుమతి నిలిపివేసిరి. అందుచే ఈ క్రీడ జమీందారుల తోటలలోను, సొంత ఎస్టేటులలోను ఉన్న సన్నని బాటలపై తల దాచుకొన్నది. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది వుస్టర్‌షైర్‌లోని షెల్స్‌లీ వాల్ష్. అక్కడ 1905 ఆగస్టు 12న తొలి పందెము జరిగెను. ఆ బాట పొడవు సరిగా వేయి గజములు. ఎత్తు సుమారు నూరు మీటర్లు. తొలి సంవత్సరమున ఆ కొండనెక్కుటకు అందరికన్న వేగముగా పోయిన డైమ్లర్ కారుకు 77.6 సెకనులు పట్టెను.

ఈ పందెములో ఇద్దరు పక్కపక్కన పరుగెత్తరు. ఒక్కొక్క కారే నిలిచిన చోటునుండి బయలుదేరి, కొండపైకి దూకి, గడియారముతో పోటీ చేయును. ఒక్క నిమిషము నిండకుండగనే అంతయు ముగిసిపోవును. వంపులో ఒక తప్పు జరిగినచో దిద్దుకొనుటకు రెండవ చుట్టు లేదు. బయలుదేరునప్పుడు వెనుకచక్రములు అర సెకను కాలము ఊరక తిరిగినచో, ఆ అర సెకను తిరిగి రాదు. ఇక్కడ ఇంజను బలముకన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. అది పట్టు. చక్రము నేలను పట్టుకొనవలెను.

పట్టు విషయము మా రైల్వేవారికి చిన్ననాటి పాఠము. ఇంజను ఎంత బలమైనదైనను, దాని బలము నడుపు చక్రములు పట్టాను పట్టుకొనుటపై ఆధారపడి యుండును. అందుకే ఇంజనులకు చక్రముల లెక్కతో పేర్లు పెట్టిరి. ముందు నడచు చక్రములెన్ని, నడుపు చక్రములెన్ని, వెనుక మోయు చక్రములెన్ని యని మూడంకెలు చెప్పుదుము. మన మెయిలు బండ్లను లాగిన డబ్ల్యు.పి. ఇంజను 4-6-2, అనగా దానికి ఆరు నడుపు చక్రములు. గూడ్సు బండ్లను లాగిన డబ్ల్యు.జి. ఇంజను 2-8-2, దానికి ఎనిమిది నడుపు చక్రములు, అవియు పరిమాణమున చిన్నవి. వేగము కావలసినచోట పెద్ద చక్రములు, లాగుడు కావలసినచోట ఎక్కువ నడుపు చక్రములు. వానలో పట్టా జారినప్పుడు చక్రము క్రిందికి ఇసుక జారవిడుతుము. దానికై ఇంజనుపై ఇసుకపెట్టె యుండును, దానినుండి గొట్టములు చక్రముల దగ్గరకు దిగును. ఈ మూడంకెల లెక్కను, ఇసుక గొట్టమును దయచేసి గుర్తుంచుకొనుడు. రెండింటితోను ముందు పనియున్నది.

మోటారుకారు చక్రమునకు ఇనుము బదులు రబ్బరు. రబ్బరు నేలను ఎంత మేర తాకుచున్నదో దానినిబట్టి పట్టు పెరుగును. దీనిని గ్రహించి కొండ పందెగాండ్రు 1930 దశకమునందే ఒక సులభమైన ఉపాయము పన్నిరి. మన లారీలకు వెనుక నున్నట్లుగా ఒక్కొక్కవైపున రెండేసి చక్రములు జంటగా బిగించిరి. అప్పుడు ముందు రెండు, వెనుక నాలుగు, మొత్తము ఆరు. రేమండ్ మేస్ అను ప్రసిద్ధుడు తన ఈ.ఆర్.ఏ. కారుకు ఇట్టి జంట చక్రములు తగిలించి షెల్స్‌లీ కొండపైకి దూకెడివాడు. 1935లో ఆ కొండను 40 సెకనులకు లోపుగా ఎక్కిన మొదటివాడాయనయే. ఆనాటి కాలము 39.6 సెకనులు. 1939 నాటికి దానిని 37.37 సెకనులకు దించెను. యుద్ధానంతరము 1947లో బ్రిటిషు కొండ పందెముల ఛాంపియన్‌షిప్ ఆరంభమైనప్పుడు తొలి రెండేండ్లును మేసే గెలిచెను. 1949లో గెలిచిన సిడ్నీ ఆలర్డ్ కారుకును వెనుక జంట చక్రములే. దాని ఇంజను గాలితో చల్లబడు ఎనిమిది సిలిండర్ల స్టైర్ ఇంజను. కావున ఆరు చక్రములు ఆ కొండలకు వింత కాదు. వింతయైనది ఆ చక్రముల అమరిక మారినప్పుడు.

ఇరుసుకు ఇరువైపుల జంట బిగించుట ఒక పద్ధతి. మూడవ ఇరుసునే చేర్చుట రెండవ పద్ధతి. 1948లో అమెరికాలోని ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెములో పాట్ క్లాన్సీ స్పెషల్ అను ఆరు చక్రముల కారు పరుగెత్తెను. దానికి వెనుకవైపున ఒకదాని వెనుక నొకటిగా రెండిరుసులు, రెండును నడుపునవే. అది పన్నెండవ స్థానమున నిలిచెను. అయినను ఆ దారిని ఎవరును వెంటనే అనుసరింపలేదు.

ఇంగ్లండులో మరియొక దారి కనిపించెను. అదేమన, చక్రములు నాలుగే యుంచి, నాలుగింటిని నడుపుట. 1961లో ఫెర్గూసన్ సంస్థ పి-99 అను కారును అట్లు నిర్మించెను. ఆ యేడు ఔల్టన్ పార్కులో తడిసిన బాటపై స్టర్లింగ్ మాస్ దానితో గోల్డ్ కప్ గెలిచెను. 1964లో పీటర్ వెస్ట్‌బరీ అదే కారును కొండలపై నడిపి ఛాంపియన్ అయ్యెను. నాలుగు చక్రములు నడుపు కారునకు కొండయే తగిన చోటని అప్పుడు తెలిసెను. ఆ ఫెర్గూసన్ సంస్థలో పనిచేసిన డెరెక్ గార్డ్‌నర్ అను ఇంజనీరు తరువాత టిరెల్ అను పందెపు జట్టులో చేరెను. మా షెడ్డుకు వచ్చిన బొమ్మలోని కారు ఆయన సృష్టియే. దాని పేరు పి-34.

గార్డ్‌నర్ ఉద్దేశము కొండ కాదు, పట్టు మాత్రమును కాదు. ముందుచక్రములు గాలిని అడ్డగించి కారు ముందుభాగమును పైకి లేపజూచును. వానిని చిన్నవిగా జేసి ముందు రెక్క చాటున దాచినచో గాలి సాఫీగా పోవును. అయితే రెండు చిన్న చక్రములు కారును మలుపులలో తిప్పజాలవు. అందుచే నాలుగు పెట్టెను. ఆ చక్రముల వ్యాసము పది అంగుళములే. 1975 సెప్టెంబరులో దానిని లోకమునకు చూపినప్పుడు పైకప్పిన గుడ్డ క్రింద తీగ చట్రములమర్చి నాలుగు చక్రముల కారువలె కనిపించునట్లు చేసిరి. గుడ్డ తీసినప్పుడు పత్రికలవారు నివ్వెరపోయిరి. 1976 జూన్ 13న స్వీడన్ గ్రాండ్ ప్రీలో జోడీ షెక్టర్ ఆ కారుతో మొదటివాడుగను, పాట్రిక్ డెపాయే అట్టి కారుతోనే రెండవవాడుగను వచ్చిరి. మేము నవ్విన కారు అది! కాని మరుసటి యేడు ముగియు నాటికి దానిని మాన్పించిరి. కారణము మిక్కిలి సామాన్యమైనది. అంత చిన్న టైర్లు లోకములో ఆ జట్టుకు మాత్రమే కావలెను. అందరి టైర్లు నెలనెలకు మెరుగుపడుచుండగా ఈ చిన్న టైర్లు ఉన్నచోటనే యుండిపోయినవి. ఒంటరిగా నడచువానికి దారి ఎవరు బాగుచేయుదురు?

ఇప్పుడు మన కథలోని అసలు కారు వద్దకు వచ్చితిమి. ఇంగ్లండులోనే మార్చ్ అను మరియొక పందెపుకార్ల సంస్థ యుండెను. దాని ఇంజనీరు రాబిన్ హెర్డ్. ఆయన టిరెల్ కారును చూచి ఇట్లు తర్కించెను: గాలిని మిక్కుటముగా అడ్డగించునవి ముందుచక్రములు కావు, వెడల్పైన వెనుక చక్రములు. కనుక వెనుక పెద్ద చక్రములను తీసివేసి, ముందుచక్రములంతేసి చిన్నవి నాలుగు, ఒకదాని వెనుక నొకటిగా రెండిరుసులపై పెట్టవలెను, నాలుగింటిని నడుపవలెను. అప్పుడు గాలి తక్కువ తగులును, పట్టు ఎక్కువ దొరకును. ఆరు చక్రములును ఒకే కొలతవి కనుక టైర్ల చిక్కు లేదు. టిరెల్ కారు కాలికి పట్టిన ముల్లు దీనికి లేదన్నమాట.

ఈ కారుకు వారు పెట్టిన పేరు వినుడు: 2-4-0. ముందు నడచునవి రెండు, నడుపునవి నాలుగు, వెనుక మోయునవి సున్న. అది మా ఆవిరి ఇంజనుల లెక్కయే! లోకమంతయు క్రొత్తవింత యని చూచిన కారుకు మా షెడ్డుభాషలో నామకరణము జరిగినదని నాకు ఎన్నో యేండ్ల తరువాత తెలిసి, ఒంటరిగా కూర్చుండి నవ్వుకొంటిని. ఈసారి నవ్వు వేరు.

ఆలోచన మంచిదే, ఆచరణమున చిక్కు వచ్చెను. రెండిరుసులకు బలమును పంచు గేరుపెట్టె కష్టమైనది. సంస్థ వద్ద ధనము తక్కువ. గేరుపెట్టె తొడుగును తేలికగా, చవుకగా చేసిరి. అది బలమునకు వంగి, లోపలి పళ్లు ఒకదానినొకటి విడిచెను. 1976 చివర సిల్వర్‌స్టోన్‌లో హౌడెన్ గాన్లీ దానిని తొలిసారి నడుపునప్పుడే ఈ బలహీనత బయటపడెను. తొడుగును బలపరచి 1977 ఆరంభమున మరల తడిబాటపై పరీక్షించిరి. పట్టు అద్భుతముగా నున్నదని తేలెను. కాని దానిని పందెమునకు సిద్ధము చేయుటకు కావలసిన ధనము, కాలము లేకపోయెను. ఆ కారు ఒక్క గ్రాండ్ ప్రీ పందెములో నైనను నిలువలేదు. పిల్లలాడుకొను బొమ్మకారుగా మాత్రము అది ప్రపంచమంతట అమ్ముడుపోయెను. ఇంజనీరునకు ఇంతకంటె చేదైన కీర్తి యుండదు.

కథ ఇక్కడ ముగిసినచో నేను మీ కాలము వృథా చేసియుండను. దానిని కొనసాగించినవాడు రాయ్ లేన్. ఈయన గ్రాండ్ ప్రీ వీరుడు కాడు. కొండ పందెములే తన క్షేత్రముగా నెంచుకొన్నవాడు. 1975, 1976 సంవత్సరములలో వరుసగా బ్రిటిషు ఛాంపియన్. తన పనిముట్లు తానెరిగినవాడు. సిల్వర్‌స్టోన్‌లో పనికిరాదని మూలబడిన ఆ రెండిరుసుల వెనుకభాగమును ఆయన తీసికొని తన మార్చ్ కారుకు బిగించి, 1979లో కొండలపైకి తెచ్చెను.

ఒక్క క్షణము ఆలోచింపుడు. గ్రాండ్ ప్రీలో రెండు గంటలు నిలువవలసిన గేరుపెట్టె, కొండపై ఒక నిమిషము నిలిచిన చాలును. అక్కడ గాలి లెక్క ప్రధానము. ఇక్కడ నిలిచిన చోటనుండి దూకునప్పుడు నాలుగు చక్రములు ఒక్కసారిగా నేలను పట్టుకొనుట ప్రధానము. పైగా ఎత్తుపై బయలుదేరు కారు బరువంతయు వెనుకకు ఒరగును. వెనుకనే నాలుగు నడుపు చక్రములున్నవి. ఇంగ్లండు కొండలపై వాన ఎప్పుడు పడునో చెప్పలేము. చెట్ల నీడను నాచు పట్టిన బాట ఆరుటకు చాలసేపు పట్టును. ఒక చోట దోషమైనది మరొక చోట దోషము కాదు. ఒకచోట గుణమైనది మరొక చోట ఇనుమడించును.

ఫలితము లోకమునకు తెలియవచ్చెను. డెవన్ ప్రాంతమందలి వైస్కోంబ్ పార్కు కొండపై వానలో తడిసిన బాటమీద ఆ ఆరు చక్రముల కారు గెలిచెను. ఆ యేడు మరికొన్ని గెలుపులును దానికి దక్కినవి. గ్రాండ్ ప్రీ గడప దాటలేని ఆలోచన వేయి గజముల కొండపై తన మాట నిలుపుకొన్నది.

అయితే లేన్ ఆ కారునే పట్టుకొని వ్రేలాడలేదు. అదనపు ఇరుసు, అదనపు గేర్లు, కడ్డీలు అన్నియు బరువే. కొండయెక్కువానికి బరువు శత్రువు. ఒకదాని వెనుక నొకటిగా రెండిరుసులున్న బండి మలుపులో తిరుగుటకు ఒప్పుకొనక నేరుగా పోవజూచును. బరువు లారీలు నడుపు డ్రైవర్లు దీనిని బాగుగా నెరుగుదురు. తడిబాటపై దొరికిన లాభము పొడిబాటపై, ఇరుకు వంపులలో చేజారును. కారు నడుపుట కష్టమాయెను. గెలుపులు కొన్ని చేతిలో నున్నను, లేన్ దానిని విప్పి మరల నాలుగు చక్రముల పద్ధతికి మరలెను. ఆ యేటి ఛాంపియన్‌షిప్ మార్టిన్ గ్రిఫిత్స్‌కు పోయెను. లేన్ అలసిపోలేదు. 1992లోను, 1996లోను, నాలుగు చక్రముల కార్లతోనే, మరల రెండుసార్లు ఛాంపియన్ అయ్యెను. తొలి గెలుపునకు, తుది గెలుపునకు నడుమ ఇరువదియొక్క సంవత్సరములు!

మిగిలిన కథ చిన్నది. విలియమ్స్ జట్టు 1982లో నాలుగు వెనుకచక్రములను నడుపు ఆరు చక్రముల కారును పరీక్షించెను. వేగముగా పోయెను గాని పందెమునకు దిగకమునుపే నియమములు అడ్డుపడెను. 1983 నుండి గ్రాండ్ ప్రీ కార్లకు నాలుగు చక్రములకు మించరాదని, రెండింటికంటె ఎక్కువ నడుపరాదని శాసించిరి. ఆ కారును తరువాత 1990 దశకములో జోనథన్ పామర్ గుడ్‌వుడ్ ఉత్సవమున కొండబాటపై నడిపి చూపెను. చివరకు దానికిని కొండయే గతి యయ్యెను! షెల్స్‌లీ వాల్ష్‌లో ఒకప్పుడు నిమిషమునకు పైగా పట్టిన వేయి గజములను ఇప్పటివారు 23 సెకనులకు లోపుగా ఎక్కియున్నారు. ఆ కార్లు నాలుగు చక్రములవే. ఆరవ చక్రము ఓడిపోయినది, నిజమే. కాని పరీక్షింపబడి ఓడినది.

ఇక మొదట చెప్పెదనన్న మాట. ఆ బొమ్మ తెచ్చిన ఫిట్టరు కొన్ని నెలల తరువాత నా వద్దకు ఒక కాగితము తెచ్చెను. ఇసుక గొట్టము కొన కుదుపునకు ప్రక్కకు తొలగి, ఇసుక పట్టాపై పడక గాలికి పోవుచున్నదనియు, గొట్టమును పట్టియుంచుటకు ఒక చిన్న ఇనుప పట్టీని చక్రమునకు దగ్గరగా బిగించినచో మేలనియు అతడు పెన్సిలుతో బొమ్మ గీసియుండెను. ఖర్చు ఏమియు లేదు. షెడ్డులో పడియున్న తుక్కుతో చేయవచ్చును. నేను కాగితమును చూచి, “మనకు ముందున్న పెద్దలకు తెలియదనుకొన్నావా?” అంటిని. అతడు బదులు చెప్పక వెడలిపోయెను. కాగితము నా సొరుగులో నుండిపోయెను. మరుసటి యేడు అతనికి బదిలీ అయ్యెను. నేనును ఎక్కడెక్కడికో బదిలీలపై తిరిగితిని. ఆవిరి ఇంజనులు ఒకటొకటిగా పోయినవి.

పదవీ విరమణ నాడు కాగితములు సర్దుకొనుచుండగా అది బయటపడెను. పెన్సిలు గీతలు మాసిపోయినను, కొలతలు చదువవచ్చునట్లే యున్నవి. ఆ పట్టీ పనిచేసెడిదో లేదో నాకు నేటికిని తెలియదు. ఇక ఎన్నటికిని తెలియదు. బిగించి చూచుటకు ఆ ఇంజనులు లేవు. అది పనిచేయక పోయియున్నచో నాకింత బాధ యుండెడిది కాదు. తెలిసికొనుటకు ఒక మధ్యాహ్నము చాలియుండెడిది. ఆ ఒక్క మధ్యాహ్నమును నేను ఈయలేదు.

సోదరులారా, మనలో అనేకులము ఫైళ్లపై సంతకము చేయువారము. మన క్రింద పనిచేయు పిల్లలు తెచ్చు ఆలోచనలలో పదింట తొమ్మిది నిలువకపోవచ్చును. రాయ్ లేన్ చేసిన పనిని నేను రెండు భాగములుగా చూచెదను. ఇతరులు నవ్వి విడిచిన దానిని ఆయన నవ్వక బిగించి చూచెను. తాను బిగించినదే యైనను, మేలు కాదని తెలిసినప్పుడు మొహమాటపడక విప్పివేసెను. మొదటిది చేయుటకు ధైర్యము కావలెను. రెండవది చేయుటకు అంతకు మించిన నిజాయితీ కావలెను. నేను ఆనాడు మొదటి దానికే నోచుకొనలేదు.

ఆ ఫిట్టరు ఇప్పుడెక్కడ నున్నాడో నేనెరుగను. ఈ సంచిక ఏ రైల్వే కాలనీలోనైనను అతని చేతికి చిక్కినచో, ఈ ముసలి ఛార్జిమన్ ఆ కాగితమును పారవేయలేదని తెలిసికొనును గాక. పిల్లలారా, మీరు ఢిల్లీలోని రైలు మ్యూజియమునకు పోయినప్పుడు పాత ఇంజనుల చక్రముల వద్దకు వంగి చూడుడు. ఇసుక గొట్టము కొన ఎక్కడ నున్నదో, పట్టాకు ఎంత దూరమున నున్నదో కొలచి చూడుడు. మీకేమైన తోచినచో నాకు వచ్చి చెప్పుడు. ఈసారి తప్పక వినెదను.